మొదటి పది, మిగతా రెండు వందలు

ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మూడు సంఘాలు పెడతారని మన మీద మనమే చెప్పుకునే హాస్యం ఒకటుంది. సంఘాల మాట ఎలా ఉన్నా, నలుగురు తెలుగువాళ్ళు భోజనాలయ్యాక ఒక గదిలో కూర్చుంటే అయిదు ‘మొదటి పది’ జాబితాలు తయారవుతాయన్నది మాత్రం నిఖార్సయిన నిజం. అందులోనూ బయట మంచు మోకాటి లోతున పడి, కారు బయటికి తీయడానికి ఎవరికీ బుద్ధి పుట్టని రాత్రయితే ఆ జాబితాలకు అంతే ఉండదు. విషయం ఎప్పుడూ ఒక్కటే. 1950ల నాటి తెలుగు చిత్రాల్లో ఏది గొప్పది, దాని తర్వాత ఏది, ఆ తర్వాత ఏది?

ఈ వాదన నడిచే తీరు సభ్యులందరికీ కంఠతా వచ్చు. మొదటి స్థానం ‘మాయాబజార్’ (1957)కు చర్చ లేకుండా ఇచ్చేస్తారు. రెండో స్థానం కోసం ‘మల్లీశ్వరి’ (1951) వర్గమూ, ‘దేవదాసు’ (1953) వర్గమూ కలియబడతాయి. ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) నాలుగూ అయిదూ పంచుకుంటాయి. ఇంతలో ఒకాయన “గుండమ్మ కథ ఏదండీ?” అంటారు. అది 1962 అని ఇంకొకాయన కొట్టిపారేస్తారు. “పోనీ నర్తనశాల?” అంటారు మరొకరు. అది 1963. ‘షావుకారు’ను లోపలికి లాక్కోవడం కోసం, దశాబ్దం 1950తో మొదలా 1951తో మొదలా అని మరో అరగంట. చివరికి ఎవరి పది వారికే మిగిలి, ఎవరి బూట్లు వారు వెతుక్కుని ఇళ్ళకు పోతారు. మళ్ళీ పండక్కి అదే వాదన, మొదటి రీలు నుంచీ.

ఈ వాదన మీద నాకు కోపం లేదు. ఆ చిత్రాలు విడుదలైన నాటికి నేనే కాదు, మా నాన్నగారు కూడా పుట్టలేదు. అయినా ఆ పేర్లు చెవిన పడితే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. పరాయి దేశంలో, పరాయి చలిలో, మన భాషలో మనం గొంతు పెంచి పోట్లాడుకోవడానికి ఇంతకంటె నిరపాయమైన విషయం దొరకదు. నా ఫిర్యాదు వేరు. మనం వేస్తున్నది ఆరోగ్యవంతుల జాబితా. దానివల్ల ఆ ఆరోగ్యవంతులకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. జబ్బు చేసినవాటికి మాత్రం చావు దగ్గరపడుతోంది. ఈ మాట కాస్త వివరంగా చెప్పనివ్వండి.

వైద్యులం మేమూ వరసలు వేస్తాం. ఆ మాటకొస్తే మా వృత్తి అంతా మార్కులూ వరసలే. మన పెద్దలు ఆరాధించే ఆ దశాబ్దంలోనే, సరిగ్గా ‘దేవదాసు’ విడుదలైన 1953లోనే, న్యూయార్కులో వర్జీనియా ఆప్గార్ అనే మత్తుమందు డాక్టరమ్మ అప్పుడే పుట్టిన బిడ్డకు మార్కులు వేసే పద్ధతిని ప్రచురించింది. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు: ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున మొత్తం పది. ఈనాటికీ ఆ పది లెక్కనే వాడుతున్నాం. ఎందుకు? పదికి పదీ తెచ్చుకున్న బిడ్డకు దండ వేసి ఊరేగించడానికి కాదు. మూడు వచ్చిన బిడ్డను ఆ క్షణమే అందుకోవడానికి.

ఈ దేశపు ఆసుపత్రుల ఎమర్జెన్సీ గదుల్లో 1999 నుంచీ వాడుకలో ఉన్న ట్రయాజ్ కొలమానం కూడా అంతే. అందులో అయిదు మెట్లు. ఒకటో మెట్టు అంటే వెంటనే ఊపిరి పోస్తే గాని నిలవని మనిషి. అయిదో మెట్టు అంటే కాసేపు కుర్చీలో కూర్చోబెట్టినా నష్టం లేని మనిషి. తలుపు దగ్గర నిలబడ్డ నర్సు, వచ్చినవాళ్ళలో ఎవరు బలంగా ఉన్నారా అని చూడదు, ఎవరు ఆగలేరా అని చూస్తుంది. గంటల తరబడి కూర్చోబెట్టారని విసుక్కునేవాళ్ళలో మన సభ్యులూ ఉన్నారు. “మిమ్మల్ని కూర్చోబెట్టారంటే మీరు బతుకుతారని అర్థం, సంతోషించండి” అని నేను వాళ్ళతో అంటూ ఉంటాను.

సినిమాల దగ్గరికి వచ్చేసరికి మనం ఈ వరసను తలకిందులు చేశాం. హాయిగా కుర్చీలో కూర్చున్నవాణ్ణి ముందు పిలిచి, కొన ఊపిరితో ఉన్నవాణ్ణి గుమ్మం బయటే ఉంచేశాం.

మొదట ఆ ఆరోగ్యవంతుల సంగతి చూద్దాం. ‘మాయాబజార్’కు 2010లో హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, సినిమాహాళ్ళలో మళ్ళీ విడుదల చేసింది. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ టీవీ దేశమంతటా ఓట్లు అడిగితే, భారతీయ చిత్రాలన్నిటిలోకీ అదే గొప్పదని జనం తేల్చారు. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా ముంబయిలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ చాలా ఊళ్ళలో ఆయన చిత్రాలు పది ప్రదర్శించింది. ఆ పదిలో 1950ల నాటివి మూడు. ఏవో చెప్పనక్కర్లేదు: ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’. ఆ సంస్థ చేసింది మెచ్చుకోదగిన పని, అందులో సందేహం లేదు. కాని అందులో మనకు కనిపించాల్సింది ఒకటుంది. జాబితాలో ఉన్నవాటికే తెర దొరుకుతుంది. తెర దొరికినవే మళ్ళీ జాబితాకు ఎక్కుతాయి. తెర దొరకనిదాన్ని ఎవరూ చూడరు, చూడనిదాన్ని ఎవరూ తలవరు, తలవనిదాన్ని కాపాడటానికి ఎవరూ డబ్బు పెట్టరు. ఈ గానుగ చుట్టూ తిరిగేది మనమే. మన బేస్‌మెంటు జాబితాలు కూడా ఆ గానుగ తిప్పే ఎద్దులే.

ఆ దశాబ్దంలో విడుదలైన తెలుగు చిత్రాలు రెండు వందలు దాటతాయి. వాటిలో మన పెద్దలు పేరు పెట్టి పోట్లాడుకునేవి పదిహేను. తక్కినవన్నీ చెత్త అని తేల్చింది ఎవరు? వాటిని చూసి తేల్చారా, చూడకుండానే తేల్చారా?

కొన్ని ఉదాహరణలు చెబుతాను. ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిగారే అంతకు మూడేళ్ళ ముందు, 1954లో, ‘పెద్దమనుషులు’ తీశారు. ఇబ్సెన్ నాటకం ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ దానికి మూలం. ఊరికి పెద్దగా చలామణీ అవుతున్నవాడి లోగుట్టు ఏమిటన్నది కథ. డి.వి. నరసరాజుగారు సినిమాకు కలం పట్టింది దానితోనే. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి వెండి పతకం వచ్చింది. అదే దర్శకుడు, అదే దశాబ్దం. ఒకటి మనకు వేదం, మరొకటి పిట్టకథ. సంఘాలూ, అధ్యక్ష పదవులూ, చందాల లెక్కలూ ఉన్న మనలాంటి వాళ్ళం చూడవలసిన సినిమా మరొకటి ఉంటే చెప్పండి!

మరుసటి ఏడాది, 1955కు, ఆ పతకం బి.ఎన్. రెడ్డిగారి ‘బంగారు పాప’కు దక్కింది. జార్జ్ ఇలియట్ నవల ‘సైలస్ మార్నర్’ను పాలగుమ్మి పద్మరాజుగారు తెలుగు ఊళ్ళోకి తెచ్చారు. ‘గాలివాన’ కథతో ప్రపంచ కథల పోటీలో బహుమతి కొట్టిన పద్మరాజుగారే. ఎస్.వి. రంగారావు అనగానే మనకు ఘటోత్కచుడూ, నేపాళ మాంత్రికుడూ గుర్తొస్తారు. ఆ రంగారావే ఇందులో మనుషుల మీద విరక్తి పుట్టిన ఒక మొరటువాడు, ఒక పసిపిల్లను పెంచుకుని తిరిగి మనిషి అయ్యేవాడు. ‘మల్లీశ్వరి’ కోసం గొంతు చించుకునేవారిలో ఎందరు ఆ దర్శకుడి ‘బంగారు పాప’ చూశారు? చెయ్యి ఎత్తమంటే లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు.

ఆ 1955లోనే తాపీ చాణక్యగారి ‘రోజులు మారాయి’ వచ్చింది. భూమి దున్నేవాడికీ భూస్వామికీ మధ్య పోరాటం దాని కథ. ఇప్పుడు దాన్ని తలుచుకునేవాళ్ళు వహీదా రెహమాన్ నాట్యం చేసిన పాట ఒక్కటి తలుచుకుని ఊరుకుంటారు. అంతకు ముందు 1952లో తాతినేని ప్రకాశరావుగారి ‘పల్లెటూరు’ ఉంది. 1953లో ‘పుట్టిల్లు’ ఉంది. దాన్ని తీసిన గరికపాటి రాజారావుగారు వృత్తికి డాక్టరు, ప్రజానాట్యమండలిని నిలబెట్టినవారిలో ఒకరు. జమున, అల్లు రామలింగయ్య ఇద్దరూ తెర మీదికి వచ్చింది ఆ చిత్రంతోనే. సినిమా ఆడలేదు, డాక్టరుగారికి డబ్బు మిగల్లేదు. జమున లేకుండా, అల్లు రామలింగయ్య లేకుండా తెలుగు సినిమాను ఊహించుకోలేని మనం, వాళ్ళను మనకు ఇచ్చిన సినిమా పేరు కూడా ఎత్తం. ఇక 1953లోనే భానుమతిగారు ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో స్వయంగా దర్శకత్వం వహించి తీశారు. ఒక ఆడమనిషి, ఆ రోజుల్లో, మూడు భాషల్లో! మన జాబితాల్లో దర్శకుల పేర్లు చదవండి. ఒక్క ఆడపేరు వినబడుతుందేమో చూడండి.

నేను వీటిని ‘మాయాబజార్’ కంటె గొప్పవి అనడం లేదు. అలా అంటే నేనూ జాబితా వేసినవాణ్ణే అవుతాను. నేననేది ఒక్కటే. ఈ జాబితా వల్ల ఒక కాలం మొహం మారిపోతోంది. ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు 1950ల తెలుగునాడు అంటే ఏమిటి? మనం చూపించిందే. మనం చూపించింది రాజులు, మాంత్రికులు, గదలు, వీణలు, మంచి చీరలు కట్టుకున్న చిలిపి కాపురాలు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ 1953, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ 1956 ఆ దశాబ్దంలోవే. అప్పుడు అన్నం కోసం, భూమి కోసం, చదువు కోసం జనం ఏం అనుకున్నారో కూడా ఆ దశాబ్దపు సినిమాల్లో ఉంది. బళ్ళో ఇంగ్లీషు నవలలు చదివే పిల్లవాడు “మనవాళ్ళకు దేవుళ్ళూ రాక్షసులూ తప్ప వేరే కథలు లేవా?” అని అడిగితే, ఇబ్సెన్‌నూ జార్జ్ ఇలియట్‌నూ డెబ్భై ఏళ్ళ కిందటే తెలుగు చేసుకున్నామని చెప్పడానికి మన దగ్గర రుజువు ఉంది. రుజువును అటక మీద పారేసి, జవాబు లేదని మనమే తలవంచుకుంటున్నాం.

ఇక్కడ పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు: “కాలమే న్యాయమూర్తి డాక్టరుగారూ. మంచిదైతే అదే నిలుస్తుంది. నిలవలేదంటే అందులో సత్తా లేదన్నమాట.” వినడానికి గంభీరంగా ఉంటుంది గాని ఈ మాటలో పస లేదు. కాలం ఏ సినిమానూ చూడదు. ఫిలింను నిలిపేదీ చంపేదీ రసాయనశాస్త్రం, వేడి, చెమ్మ, అద్దె. 1950ల తొలినాళ్ళ వరకూ ప్రపంచమంతటా వాడిన నైట్రేటు ఫిలిం అగ్గిపెట్టె లాంటిది. దాని తర్వాత వచ్చిన ఎసిటేటు ఫిలిం మండదు గాని కుళ్ళుతుంది. వేడికీ చెమ్మకూ అది విరిగి ఎసిటిక్ ఆమ్లం, అంటే మన వెనిగర్ పులుపు, బయటికి వస్తుంది. ఆ పులుపే మిగతా ఫిలింను ఇంకా తొందరగా విరగ్గొడుతుంది. డబ్బా మూత తీస్తే పచ్చడి జాడీ వాసన వస్తుంది. ఫిలిం ముడుచుకుని, వంకరపోయి, మిషనులో నడవదు. ఒక డబ్బా ఆవిరి పక్క డబ్బాకు కూడా చేటు చేస్తుంది. మా భాషలో చెప్పాలంటే అది అంటువ్యాధి. ఇక మద్రాసు ఎండా, మద్రాసు ఉక్కా ఎలాంటివో అక్కడ చదువుకున్న సభ్యులకు నేను చెప్పాలా? ఆ కుళ్ళు మొదలయ్యేటప్పుడు అది పతకం వచ్చిన చిత్రమా, వంద రోజులు ఆడిన చిత్రమా అని చూడదు.

దీనికి తోడు, నలుపు తెలుపు ఫిలింలో వెండి ఉంటుంది. అరిగిపోయిన ప్రింట్లను ఆ వెండి కోసం కరిగించి అమ్ముకోవడం మన దేశంలో మామూలుగా జరిగిన పనే. వెండితెర అనే మాటకు ఇంతకంటె చేదు అర్థం ఉండదు. భారతదేశంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణేలో ఏర్పడింది 1964లో. అంటే మనం కొట్టుకునే దశాబ్దం మొత్తం గడిచిపోయేదాకా, ఆ చిత్రాలను దాచడానికి దేశానికంటూ ఒక గది లేదు. మొదటి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ (1931) ఒక్క అడుగు కూడా మిగల్లేదు. దాచినవాటికైనా పూర్తి భద్రత లేకపోయింది. 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆర్కైవ్ వారి పాత నైట్రేటు రీళ్ళు ఎన్నో బూడిదయ్యాయి. ‘ఆలం ఆరా’ నిలవలేదు కాబట్టి అందులో సత్తా లేదంటారా? పెద్ద స్టూడియో, సొంత గిడ్డంగి, మళ్ళీ మళ్ళీ విడుదల చేయగల స్తోమతు ఉన్న నిర్మాత చిత్రాలు బతకడానికి వీలు ఎక్కువ. ఒకటో రెండో తీసి చేతులు కాల్చుకుని ఇంటికి పోయిన నిర్మాత నెగెటివుకు ల్యాబులో అద్దె ఎవరు కడతారు? “రోగి పోయాడు కాబట్టి బతకదగినవాడు కాడు” అనే డాక్టరును మీరెవరూ గడప తొక్కనివ్వరు. సినిమాల విషయంలో అదే మాటను తత్త్వం అనుకుంటున్నారు.

రెండో అభ్యంతరం: “అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదండీ!” అన్నీ లేవు. ఉన్నవాటిని ఒకసారి నిదానంగా చూడండి. ఒక మూల టీవీ చానెల్ ముద్ర, మధ్యలో ఒక పాట మాయం, మొహాలు పిండిబొమ్మల్లా తెల్లగా, మాట పెదవికి అందకుండా. అరిగిన ప్రింటు నుంచి టేపుకు, టేపు నుంచి డిస్కుకు, డిస్కు నుంచి తెరకు దిగిన నకలుకు నకలు అది. కార్బను పేపరు కింద నాలుగో కాపీ చదివి రచయిత చేతిరాత బాగాలేదనడం ఎలాంటిదో, వాటిని చూసి ఆ చిత్రాలకు మార్కులు వేయడం అలాంటిది. మొదటి పదీ మంచి నకళ్ళలో చూసి, తక్కినవి ఆ నాలుగో కాపీలో చూసి, “పోల్చి చూశాం” అంటున్నాం.

మూడో సంగతి న్యాయానికి సంబంధించినది, సభ్యులు చాలామందికి తెలియనిది. భారతదేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక అరవై ఏళ్ళు ఉంటుంది. ఆ లెక్కన 1957లో విడుదలైన చిత్రం మీద హక్కు 2017తో ముగిసింది, 1960 నాటి చిత్రానికి 2020తో. అంటే ఆ దశాబ్దం మొత్తం, చిత్రాల వరకూ, అక్కడ ప్రజల సొత్తు అయిపోయింది. పాటలు రాసినవారి హక్కులు వేరు, ఈ దేశపు చట్టం వేరు. ఆ చిక్కుముళ్ళు మన సంఘంలోని లాయరు సభ్యులు విప్పాలి. నేను చెప్పదలచింది దీని రెండో వైపు. హక్కు పోయినప్పుడు, ఆ నెగెటివును చల్లటి గదిలో దాచడంలో యజమానికి ఉన్న లాభమూ పోయింది. ఇక వాటికి దిక్కు ప్రేమించేవాళ్ళే. ప్రేమించేవాళ్ళం మేమే అని చాటుకుంటున్న మనం, ఎవరికి రెండో ర్యాంకు అని తగాదాపడుతున్నాం.

“సరే, పుణే ఎక్కడ, మనం ఎక్కడ? ఇక్కణ్ణుంచి ఏం చేయగలం?” అని నాలుగో అభ్యంతరం. దీనికి జవాబు మన కెనడాలోనే ఉంది. ఉత్తరాన యూకాన్‌లో డాసన్ సిటీ అని బంగారం వేటగాళ్ళ పాత ఊరు. మూకీల రోజుల్లో సినిమా రీళ్ళు ఊరూరూ తిరిగి, ఆఖరి మజిలీగా అక్కడికి చేరేవి. తిరిగి పంపడానికి రవాణా ఖర్చు దండగని పంపిణీదారులు వాటిని అక్కడే వదిలేసేవారు. ఆ రీళ్ళు కొన్నాళ్ళు ఊరి గ్రంథాలయం బేస్‌మెంటులో పడి ఉన్నాయి. 1929లో వాటిని తీసి, పాత ఈతకొలను పూడ్చడానికి మట్టితో పాటు వేసేశారు. 1978లో కొత్త కట్టడం కోసం తవ్వితే, గడ్డకట్టిన నేలలోంచి 533 రీళ్ళు బయటపడ్డాయి. ప్రపంచంలో మరెక్కడా మిగలని చిత్రాలు వాటిలో ఎన్నో ఉన్నాయి. అప్పటికి వాటి పేరు ఏ ‘మొదటి పది’లోనూ లేదు. తీసినవాళ్ళ ఊళ్ళో పోయినవి, దారి ఆగిపోయిన చివరి ఊళ్ళో దొరికాయి.

తెలుగువాళ్ళ విషయంలో ఆ చివరి ఊరు మనమే. 1967లో పాయింట్ల పద్ధతి వచ్చాక ఈ దేశానికి చేరిన మన మొదటి తరం పెద్దలు పెట్టెల్లో ఆవకాయతో పాటు ఇంకా ఎన్నో తెచ్చుకున్నారు: గ్రామఫోను రికార్డులు, సినిమాహాలు గుమ్మంలో కొన్న పాటల పుస్తకాలు, పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలు, ఆ తర్వాత బంధువుల చేత తెప్పించుకున్న వీడియో కేసెట్లు. ఇవాళ అవన్నీ మన బేస్‌మెంట్లలో, ఫర్నేసు పక్కన, చెమ్మలో ఉన్నాయి. పాటల పుస్తకమే కదా అనుకోకండి. అందులో కథాసంగ్రహం ఉంటుంది, నటీనటుల పేర్లుంటాయి. సినిమా పోయినప్పుడు అది ఉండేదన్న సాక్ష్యం ఒక్కోసారి అదొక్కటే. అన్నిటికంటె ముఖ్యం, ఆ పెద్దల జ్ఞాపకం. ‘పల్లెటూరు’నూ ‘పుట్టిల్లు’నూ వచ్చిన రోజుల్లో నేలటికెట్టు మీద కూర్చుని చూసిన కళ్ళు మన మధ్య ఇంకా ఉన్నాయి. అవి ఎనభై దాటిన కళ్ళు. డాక్టరుగా చెబుతున్నాను, ఆ ఆర్కైవ్‌కు మనకున్న వ్యవధి చాలా తక్కువ.

జాబితాలే వద్దని నేననడం లేదు. టొరంటో చలనచిత్రోత్సవం వారు సుమారు పదేళ్ళకొకసారి ఎప్పటికీ గొప్ప కెనడా చిత్రాలు పది ఏవని అడుగుతూ వచ్చారు. 1984లో, 1993లో, 2004లో మూడుసార్లూ ‘మోన్ ఓంక్ల్ ఆంత్వాన్’ (1971)దే మొదటి స్థానం. 2015లో ఇనుక్‌టిటూట్ భాషలో ఇన్యూట్ దర్శకుడు జకరాయస్ కునుక్ తీసిన ‘అటనార్జుఅట్’ (2001) దాన్ని పక్కకు జరిపింది. కదిలే జాబితా బతికిన జాబితా. మన 1950ల జాబితా ఎందుకు కదలదు? ఆ దశాబ్దానికి కొత్త సినిమాలు రావు కదా అంటారు. నిజమే, కొత్తవి రావు. మనం చూడనివి మాత్రం నూటికి పైగా ఉన్నాయి. వాటిని చూస్తేనే మన జాబితా కదులుతుంది. లేకపోతే అది వాదన కాదు, సంధ్యావందనం.

అందుచేత సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి ఇంటివారూ తమ బేస్‌మెంటులో ఉన్న పాత కేసెట్లు, రికార్డులు, పాటల పుస్తకాల పట్టిక రాసి కార్యదర్శికి పంపాలి: పేరు, సంవత్సరం, ఏ స్థితిలో ఉంది. అంతే, ముచ్చటగా మూడు గళ్ళు. ఒక హెచ్చరిక కూడా. కేసెట్టు మీద తెల్లటి బూజు కనిపిస్తే పరీక్షిద్దామని మిషనులో పెట్టవద్దు. టేపూ పోతుంది, మిషనూ పోతుంది. నేల మీంచి తీసి, నిలువుగా పేర్చి, చల్లటి పొడి గదిలో పెట్టండి. మిగతాది తెలిసినవాళ్ళ చేత చేయిద్దాం. ఆ పట్టిక తయారయ్యాక పుణే ఆర్కైవ్‌కూ, ఈ పని చేస్తున్న సంస్థలకూ ఒక ప్రతి పంపుదాం. వాళ్ళ దగ్గర లేనిది మన దగ్గర ఒక్కటి దొరికినా మన వాదనలన్నిటికీ అది ఎక్కువ.

రెండు. ఏటా పండగకు వేసే సినిమా విషయంలో ఒక నియమం పెట్టుకుందాం. ఒక ఏడాది అందరూ మెచ్చినది, మరో ఏడాది సభ్యుల్లో పదిమంది కూడా చూడనిది. వచ్చే ఏడాదికి ‘పెద్దమనుషులు’ పేరు నేను ప్రతిపాదిస్తున్నాను. పిల్లలు కూర్చోరని అంటారేమో. పిల్లలు ‘మాయాబజార్’కు మొదటిసారి తమంతట తాము కూర్చోలేదు. పక్కన తాతయ్యో అమ్మమ్మో కూర్చుని, “ఇదిగో చూడు, ఇప్పుడు చూడు” అని చెబితే కూర్చున్నారు. ఆ తాతయ్యలూ అమ్మమ్మలూ దీనికీ చెప్పగలరు.

మూడు. ఎనభై దాటిన ప్రతి సభ్యుడి దగ్గరా, సభ్యురాలి దగ్గరా ఒక యువకుడో యువతో ఒక గంట కూర్చుని, వాళ్ళు చూసిన సినిమా, చూసిన ఊరు, చూసిన ఏడు, పక్కన కూర్చున్నవారు, అంతా తెలుగులో రికార్డు చేయాలి. ప్రశ్న “మీ మొదటి పది ఏవి?” అని కాదు. “మీరు చూసి, మళ్ళీ ఎక్కడా కనపడని సినిమా ఏది?” అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులే మనకు కావలసిన జాబితా. అందులో ఎవరు ముందు అన్న పేచీ రాదు. ఆగలేనిది ఏదో అదే ముందు.

ఈ మూడింటినీ ఒకే తీర్మానంగా రాసి వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రవేశపెడుతున్నాను. మన నియమావళి ప్రకారం తీర్మానాన్ని బలపరచడానికి మరొక సభ్యుడు కావాలి. ‘మల్లీశ్వరి’ వర్గమైనా సరే, ‘దేవదాసు’ వర్గమైనా సరే.